నాన్న పేరున ఒక నిధి: సంవత్సరీకం నాటికి విరాళాలు సేకరించే పద్ధతి

వర్ధంతి రోజున ఆస్పత్రికి వెళ్లి అరటిపండ్లు, రొట్టెలు పంచి రావడం మన దగ్గర ఏళ్లుగా ఉన్న ఆనవాయితీ. మంచి మనసుతో చేసే పనే. కానీ ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకుని పోయిన తండ్రి జ్ఞాపకార్థం డయాలసిస్ వార్డులో అరటిపండ్లు, కొబ్బరిబోండాలు పంచితే అవి అక్కడున్నవాళ్లకు హాని చేస్తాయి. వాటిలో ఎక్కువగా ఉండే పొటాషియాన్ని దెబ్బతిన్న కిడ్నీలు బయటికి పంపలేవు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఆ మనిషి ఇంట్లో ఏళ్లపాటు దూరం పెట్టిన పండునే ఆయన పేరు చెప్పి పంచుతున్నామన్న మాట.

పోయినవాళ్ల ఓర్పును గౌరవించాలంటే వాళ్లు రోజూ తట్టుకున్నది ఏమిటో ముందు వివరంగా గుర్తు చేసుకోవాలి. దాంట్లో ఒక్క ముక్కనైనా ఇంకొకరికి తేలిక చేయడానికి డబ్బు పోగు చేయాలి. ఇక్కడ డయాలసిస్ రోగుల ప్రయాణ ఖర్చుల నిధిని ఉదాహరణగా తీసుకున్నాం. క్యాన్సర్‌తో పోరాడిన అమ్మ అయినా, ఒంటిచేత్తో కుట్టుమిషన్ మీద పిల్లల్ని పెంచిన అమ్మ అయినా పద్ధతి ఇదే, లెక్కలు మారతాయంతే.

ఏ కష్టమో తేల్చుకోవడం

అమ్మ ఉంటే అమ్మ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకచోట కూర్చోండి, లేదా ఫోన్లో కలవండి. "నాన్న చాలా కష్టపడ్డారు" అన్న మాట నిధికి పనికిరాదు. ఎన్నింటికి లేచేవారు, ఎంత దూరం వెళ్లేవారు, తోడు ఎవరు వెళ్లేవారు, ఆ రోజు తోడు వెళ్లినవాళ్ల పని ఏమయ్యేది, తాగే నీళ్లు కూడా గ్లాసుతో కొలుచుకున్న రోజుల్లో దేన్ని మానుకున్నారు, ఏ ఖర్చు దగ్గర వెనకాడారు? ఇవి అడిగితే అసలు విషయం బయటపడుతుంది. చాలా ఇళ్లలో తెలిసేది ఏమిటంటే, చికిత్స ఉచితంగానే దొరికింది, అక్కడిదాకా వెళ్లి రావడమే కుటుంబాన్ని కుంగదీసింది.

దీనికి కారణం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పేదలకు ప్రభుత్వ పథకాల కింద డయాలసిస్ ఉచితం. కేంద్రం కూడా 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదలుపెట్టింది. కానీ మామూలుగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. అంటే ఏడాదికి 156 రాకపోకలు. మహిళలకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయినా ఊరి నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి ఆస్పత్రికి ఆటో తప్పదు. పైగా డయాలసిస్ అయ్యాక చాలామందికి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. నిలబడి బస్సులో రాలేరు, ఒంటరిగా అసలే రాలేరు. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలను కలిపి చేసిన ఏర్పాటు) ఉన్న చేత్తో బరువు ఎత్తకూడదు, ఆ చేతి మీద ఒత్తిడి పడకూడదు. కిక్కిరిసిన బస్సు వాళ్లకు ఎందుకు కుదరదో దాతలకు ఈ రెండు మాటల్లో చెప్పగలిగితే చాలు.

మీ ఇంటి సమాధానం వేరుగా ఉండొచ్చు. క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర రేడియేషన్ జరిగే వారాల్లో తోడున్నవాళ్ల బస అని తేలొచ్చు, ఇంటర్ తర్వాత అమ్మాయి చదువు ఆగిపోకుండా కట్టే హాస్టల్ డిపాజిట్ కావచ్చు. ఏదైనా ఒకటే పట్టుకోండి. "విద్య, వైద్యం, అన్నదానం" అని మూడూ కలిపి రాస్తే ఇచ్చేవాళ్లకు ఏదీ కళ్లకు కట్టదు.

లెక్క కాగితం మీద పెట్టడం

లక్ష్యాన్ని "అయిదు లక్షలు పోగు చేద్దాం" అని పైనుంచి అనుకోకండి. కింది నుంచి కట్టుకురండి. డయాలసిస్ కేంద్రానికి వెళ్లి టెక్నీషియన్‌తో, ఆరోగ్యమిత్రతో (ప్రభుత్వ ఆరోగ్య పథకం సహాయకులు) మాట్లాడండి. ఎవరు ఎంత దూరం నుంచి వస్తున్నారు, ఎవరికైనా బస్ పాస్ లాంటి సాయం ఇప్పటికే అందుతోందా అని అడగండి. రోగులను నేరుగా అడగడం ఆ తర్వాత. డబ్బు చేతిలోకి రాకముందే వాళ్లలో ఆశ పెంచడం తప్పు.

పదిమందికి ఒక ఏడాది అనుకుందాం. పది కిలోమీటర్ల లోపు వాళ్లు నలుగురు, రాకపోకలకు మనిషికి 100 రూపాయలు. పది నుంచి ముప్పై లోపు నలుగురు, 200. ముప్పై దాటినవాళ్లు ఇద్దరు, 350. ఒక విడత డయాలసిస్‌కు 400, 800, 700 కలిపి 1,900 రూపాయలు. దాన్ని 156తో గుణిస్తే 2,96,400. ఛార్జీలు పెరగడానికి, అత్యవసరంగా ఆటోలో పరుగెత్తాల్సిన రోజులకు 5 శాతం కలిపితే 3,11,220. లక్ష్యం 3,15,000 అని పెట్టుకోండి. ఈ ధరలు ఉదాహరణకే, మీ ఊరి ఆటో స్టాండులో అడిగి వేసుకోండి. కొందరికి వారానికి రెండే విడతలు రాసి ఉంటారు. వాళ్లకు ఏడాదికి 104.

ఈ లెక్క వల్ల ఇంకో మేలుంది. "200 రూపాయలతో ఒకరు ఒకరోజు ఆస్పత్రికి వెళ్లి వస్తారు, 31,200తో ఏడాదంతా వెళ్లి వస్తారు" అని చెప్పగలుగుతారు. అయిదు వందలు ఇచ్చే మేనత్తకూ, ముప్పై వేలు ఇచ్చే స్నేహితుడికీ తమ డబ్బు ఎక్కడికి పోతోందో అర్థమవుతుంది.

లక్ష్యం అందకపోతే ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టండి. రోగుల సంఖ్య తగ్గించండి, నెలలు తగ్గించకండి. పదిమందికి ఏడు నెలలు ఇచ్చి ఆపేయడం కంటే ఆరుగురికి ఏడాదంతా ఇవ్వడం మేలు. మధ్యలో ఆగిన సాయం మీద ఆధారపడినవాళ్లు విడతలు మానేస్తారు. డయాలసిస్‌లో విడత మానేయడం ప్రాణం మీదికి వస్తుంది.

చాలామంది ఇక్కడే శాశ్వత నిధి గురించి ఆలోచిస్తారు. అసలు సొమ్ము కదలకుండా వడ్డీతో నడిచేది. 5,00,000 మీద 6.5 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 32,500 వస్తుంది. అది ఒక్క రోగి ప్రయాణానికి సరిపోతుంది, పదేళ్ల తర్వాత ఆ ఒక్కరికీ చాలదు. మొదటి ఏడాదికి ఖర్చయిపోయే నిధే మంచిదని మా అభిప్రాయం.

ట్రస్టు పెట్టకండి, ఉన్న సంస్థను పట్టుకోండి

దుఃఖంలో ఉన్నప్పుడు తండ్రి పేరున ట్రస్టు రిజిస్టర్ చేయాలనిపిస్తుంది. క్యాన్సర్‌తో పోయిన బసవతారకం గారి పేరు మీద 2000లో హైదరాబాద్‌లో తెరుచుకున్న క్యాన్సర్ ఆస్పత్రి లాంటివి చూశాక అలా అనిపించడం సహజం. కానీ ట్రస్టు అంటే పత్రం, పాన్, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏబీ (ధార్మిక సంస్థగా గుర్తింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) నమోదులు, ఏటా ఆడిట్, రిటర్నులు. మూడు లక్షల పనికి ఇంత బరువు అక్కర్లేదు. రెండో ఏడాదికే ఆ పని ఒక్కరి నెత్తిన పడుతుంది, అక్కడి నుంచి అన్నదమ్ముల మధ్య మాటలు మొదలవుతాయి.

రోగులతో ఇప్పటికే పనిచేస్తున్న సంస్థను వెతకండి. ఆస్పత్రి నడిపే ట్రస్టు కావచ్చు, పట్టణంలోని సేవాసంస్థ కావచ్చు. వస్తువు రూపంలో ఇవ్వాలనుకుంటే ప్రభుత్వ ఆస్పత్రి సూపరింటెండెంట్ ద్వారా ఆస్పత్రి అభివృద్ధి సొసైటీని కూడా అడగొచ్చు. 12ఏబీ, 80జీ పత్రాల నకళ్లు తీసుకుని గడువు తేదీలు చూడండి, గత ఏడాది ఆడిట్ నివేదిక అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. మంచి సంస్థలు ఈ కాగితాలు సిద్ధంగానే ఉంచుతాయి.

తర్వాత ఒక పేజీ ఒప్పంద లేఖ రాసుకోండి. ఈ డబ్బు ఫలానా కేంద్రంలో డయాలసిస్ రోగుల ప్రయాణానికే వాడాలి, ప్రత్యేక పద్దు కింద చూపాలి, మూడు నెలలకోసారి లెక్క ఇవ్వాలి, నిర్వహణ ఖర్చు కింద ఏమైనా తీసుకుంటే ఎంతో ముందే చెప్పాలి, మిగిలితే దేనికి వాడాలో రాయాలి. ఈ లేఖ లేకుండా పంపిన విరాళం సంస్థ సాధారణ ఖాతాలో కలిసిపోతుంది. అందులో సంస్థ మోసం ఏమీ ఉండదు. ఏ పనికి అని రాయని డబ్బును వాళ్లు ఏ మంచి పనికైనా వాడుకుంటారు.

డబ్బు ఏ దారిన రావాలి

నేరుగా సంస్థ ఖాతాకే రావాలి. మీ ఫోన్‌పే నంబరు ఇవ్వకండి, ఒక్కరోజుకైనా. నమ్మకం సంగతి అలా ఉంచినా, బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో మొత్తం 50,000 రూపాయలు దాటి మీ ఖాతాలోకి వస్తే, ఆ మొత్తమంతా మీ ఆదాయం కింద పన్నుకు లెక్కలోకి రావచ్చు. చట్టం చెప్పే బంధువుల జాబితాలో సొంత అన్నదమ్ములు, మేనమామలు ఉంటారు గానీ బాబాయి కొడుకు, మేనత్త కూతురు ఉండరు. స్నేహితుల సంగతి చెప్పనక్కర్లేదు.

సంస్థ ఇచ్చిన క్యూఆర్ కోడ్‌ను ముందు మీరే ఒక రూపాయి పంపి పరీక్షించండి. స్క్రీన్ మీద ఏ పేరు కనబడుతుందో చూసి, "ఈ పేరు కనబడితేనే పంపండి" అని విన్నపంలో రాయండి. వాట్సాప్‌లో చేతులు మారేటప్పుడు కోడ్ మార్చేసే మోసగాళ్లు ఉన్నారు.

యూపీఐలో రాసే గమనిక సంస్థ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చాలాసార్లు కనబడదు. ఏ డబ్బు నాన్నగారి నిధికి వచ్చిందో వాళ్లకు తెలియక ఇబ్బంది పడేది ఇక్కడే. అందుకని ప్రతి దాత నుంచి ఆ చెల్లింపుకు వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరు తీసుకోండి. ఒక షీట్‌లో తేదీ, పేరు, మొత్తం, యూటీఆర్, పాన్, చిరునామా, రసీదు నంబరు వరుసగా రాయండి. వారానికోసారి సంస్థ అకౌంటెంట్‌తో సరిచూసుకోండి. ఈ షీట్‌ను ఇద్దరికి మించి పంచకండి, పాన్ నంబర్లు ఉంటాయి. పెద్దవాళ్లు నగదే ఇస్తామంటే ఇద్దరి ఎదుట లెక్కపెట్టి, రసీదు రాసి, మర్నాడే సంస్థ ఖాతాలో వేయండి.

పన్ను మినహాయింపు గురించి గొప్పగా రాయకండి. 80జీ ప్రయోజనం పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకు రాదు. నగదుగా ఇస్తే 2,000 రూపాయల దాకానే లెక్క. చాలా సంస్థలకు ఇచ్చిన దాంట్లో సగానికే, అదీ ఆదాయాన్ని బట్టి ఒక పరిమితిలోనే మినహాయింపు. రసీదుతో పాటు 10బీఈ అనే పేరుతో అలవాటైన ధ్రువపత్రం కూడా ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక సంస్థ ఆదాయపు పన్ను శాఖకు వివరాలు పంపితేనే అది వస్తుంది, కాబట్టి ఏప్రిల్‌లో ఇచ్చినవాళ్లు ఏడాదికి పైగా ఆగాలి. పాన్, చిరునామా లేకపోతే అసలే రాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. రసీదు మీద ఏది ఉండాలో సంస్థ ఆడిటర్‌నే అడగండి.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు, వాళ్ల స్నేహితులు ఇచ్చేదే చాలా నిధుల్లో పెద్ద భాగం. అక్కడ ఒకటే ప్రశ్న ముఖ్యం: పాస్‌పోర్ట్ ఏ దేశానిది? భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాతలే. వాళ్ల దగ్గర తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద నమోదు ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు న్యూఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాకే ముందు చేరాలి, ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మళ్లించడానికీ వీల్లేదు. "అమ్మ ఖాతాకు పంపేస్తాం, అమ్మ కట్టేస్తుంది" అనే దొడ్డిదారి వద్దు. దాని చిక్కు అమ్మకూ సంస్థకూ చుట్టుకుంటుంది. అక్కడి పన్ను మినహాయింపు కావాలంటే అక్కడ నమోదైన లాభాపేక్ష లేని సంస్థ ద్వారానే ఇవ్వాలి. ఉద్యోగి ఇచ్చినదానికి సమానంగా జతచేసే కంపెనీలు ఉన్నాయి గానీ ఆ డబ్బు చేరడానికి నెలలు పడుతుంది, లక్ష్యంలో దాన్ని కలపకండి.

ఎప్పుడు అడగాలి

పెద్దకర్మ రోజుల్లో అడగొద్దు. వచ్చినవాళ్లు కాదనలేక ఇస్తారు, మీకూ లెక్క చూసుకునే స్థితి ఉండదు. ఆరో మాసికం దాటాక సంస్థతో మాటలు, తొమ్మిదో నెలలో ఒప్పంద లేఖ, సంవత్సరీకానికి ఆరు వారాల ముందు విన్నపం. అంతకంటే ఎక్కువ కాలం లాగితే "తర్వాత ఇద్దాంలే" అనుకున్నవాళ్లు మరిచిపోతారు.

తిథి ఇంగ్లీషు తేదీతో కలవదని గుర్తుంచుకోండి. మామూలుగా దాదాపు పదకొండు రోజులు ముందే వస్తుంది. అధిక మాసం వస్తే లెక్క మళ్లీ మారుతుంది. పురోహితుడిని అడిగి తిథి ఖాయం చేసుకుని, విన్నపంలో మాత్రం క్యాలెండర్ తేదీనే ముగింపుగా రాయండి. విదేశాల్లో ఉన్నవాళ్లకు బహుళ సప్తమి అంటే ఎప్పుడో తెలియదు. తిథి మార్చి దగ్గర్లో పడితే ఆ నెల రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం కూడా కలిసొస్తుంది.

విన్నపం బయటికి పంపేముందే లక్ష్యంలో మూడోవంతు ఇంట్లోవాళ్లు వేయండి. సున్నా దగ్గర ఉన్న నిధికి మొదట ఇవ్వడానికి బయటివాళ్లు తటపటాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరికీ పేరుపెట్టి పంపండి. గ్రూపులో పడేసిన సందేశానికి దండం పెట్టే బొమ్మలు వస్తాయి, డబ్బు రాదు. నూరుమందిని అడిగితే మూడోవంతు ఇస్తారనుకుని లెక్క వేసుకోండి.

విన్నపం ఇలా ఉంటే చాలు:

"మామయ్యా, నాన్నగారు ఆరేళ్లు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లారు. తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి కొట్టు తెరిచేవారు. ఆ కేంద్రానికి ఇప్పుడూ అలాగే వస్తున్న పదిమందికి ఏడాదిపాటు దారి ఖర్చులు ఇవ్వాలని నాన్నగారి సంవత్సరీకం నాటికి 3,15,000 పోగు చేస్తున్నాం. ఒకరికి ఒకరోజు రాకపోకలకు 200 అవుతుంది. ఇంట్లోవాళ్లం 1,05,000 వేశాం. డబ్బు నేరుగా సంస్థ ఖాతాకే వెళ్తుంది, సభ ఖర్చులు మావి. వీలైతేనే ఇవ్వండి. లెక్క మూడు నెలలకోసారి పంపుతాను."

ఇందులో జబ్బు చరిత్ర లేదు, చివరి రోజుల వివరాలు లేవు. మంచం మీద గొట్టాలతో ఉన్న ఫొటో కూడా పెట్టకండి. కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఫొటో పెట్టండి. అనారోగ్యం సంగతులు ఎంతవరకు చెప్పాలో అమ్మ ఒప్పుకోవాలి. ఇంకా ఇవ్వని వాళ్లకు ఒక్కసారే గుర్తు చేయండి, ముగింపుకు వారం ముందు.

ఆ రోజు

సంవత్సరీకం క్రతువునూ సభనూ ఒకే పూట పెట్టకండి. కర్త ఉపవాసంతో ఉంటాడు, భోక్తల భోజనం అయ్యేదాకా ఏదీ కదలదు. సంస్మరణ సభ సాయంత్రమో, తర్వాతి ఆదివారమో పెట్టుకోండి. ముప్పావు గంట, ముగ్గురు మాట్లాడితే చాలు. నాన్నగారితో పాటు పక్క మిషన్ మీద కూర్చున్న మనిషి ఒకరు రెండు మాటలు చెప్పడానికి ఇష్టపడితే, అంతకు మించిన ఉపన్యాసం లేదు. ఫ్లెక్సీ, హాలు, టిఫిన్ల ఖర్చు నిధిలోంచి ఒక్క రూపాయి తీయొద్దు.

ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదవకండి. మనకు చదివింపుల అలవాటు ఉంది. పెళ్లిలో వాళ్లు వెయ్యినూటపదహార్లు చదివిస్తే మనం తిరిగి చదివించాలి. ఆ లెక్క ఇక్కడికి రాకూడదు. పేర్లు అకారాది క్రమంలో, మొత్తాలు లేకుండా గోడకు అంటించండి.

డబ్బు ఇవ్వలేనివాళ్లకూ ఆ రోజు చోటుండాలి. రెండు రాష్ట్రాల్లోనూ అవయవదానాన్ని నడిపే జీవన్‌దాన్ వివరాల బల్ల ఒకటి పెట్టొచ్చు. కిడ్నీ రోగి స్మృతికి అంతకంటే దగ్గరి పని లేదు. రక్తదాన శిబిరం పెడితే లైసెన్సున్న రక్తనిధి కేంద్రంతో నెల ముందే మాట్లాడాలి. దాతలకు 18 నుంచి 65 ఏళ్ల వయసు, కనీసం 45 కిలోల బరువు, డెసిలీటరు రక్తానికి 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. గత దానానికి మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు దాటి ఉండాలి. ఖాళీ కడుపుతో ఎవరినీ పడుకోబెట్టొద్దు.

రోగులకు చేరేటప్పుడు

సభలో చెక్కు పట్టుకుని రోగిని పక్కన నిలబెట్టి ఫొటో తీయడం మానండి. నాన్నగారిని ఎవరైనా అలా నిలబెట్టి ఉంటే ఆయన ఒప్పుకునేవారా అని ఆలోచించండి.

ఎంపిక దూరాన్ని బట్టి, ఇంటి పరిస్థితిని బట్టి సంస్థే చేయాలి. కుటుంబ సభ్యులు పేర్లు చెప్పకూడదు. నెల చివర కేంద్రంలోని హాజరు పట్టిక చూసి, ఎన్ని విడతలకు వచ్చారో అన్నింటికి రోగి ఖాతాలో గానీ తోడువచ్చే మనిషి ఖాతాలో గానీ వేయాలి. ఏడాది మొత్తం ఒకేసారి ఇస్తే అది ఇంట్లో అప్పులకు పోతుంది, దారి ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది. మొదటి నెల మాత్రం పదిహేను రోజుల మొత్తం ముందుగా ఇవ్వండి, లేకపోతే మొదటి బస్సుకే వాళ్ల చేతిలో ఉండదు.

ఏడాదిలో కొందరికి కిడ్నీ మార్పిడి జరగొచ్చు, కొందరు ఊరు మారొచ్చు, కొందరు పోవచ్చు. ఆ చోటు వెంటనే జాబితాలో తర్వాతివాళ్లకు వెళ్లాలని లేఖలోనే ఉండాలి. పోయినవాళ్ల ఇంటికి ఆ నెల మిగిలిన విడతల డబ్బు కూడా ఇచ్చేయమని సంస్థను కోరండి. ఆ ఇంట్లో ఆ వారం ఖర్చులు ఎలా ఉంటాయో మీకు తెలుసు.

మూడు నెలలకోసారి దాతలకు పంపే లెక్క ఒక పేజీ దాటొద్దు. వచ్చింది ఎంత, ఎందరికి, ఎన్ని విడతలకు, మిగిలింది ఎంత. రోగుల పేర్లు ఉండకూడదు. చెడ్డ వార్త ఉంటే అదీ రాయండి, ఎవరైనా విడతలు మానేస్తున్నారంటే కారణంతో సహా. పన్నెండో నెల ముగిశాక సంస్థ నుంచి వినియోగ ధ్రువపత్రం తీసుకుని, మిగిలిన మొత్తం, దాన్ని లేఖలో రాసుకున్న పనికి మార్చిన తేదీ కలిపి దాతలకు ఆఖరి లెక్క పంపండి. రెండో ఏడాది చేస్తారో లేదో అందులో మాట ఇవ్వకండి. అది మళ్లీ అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.